పరీక్షల నెలలో నెలసరి ఎందుకు ఆలస్యమవుతుంది?

మార్చి వచ్చిందంటే మా మార్కాపురం, గిద్దలూరు ప్రాంతపు బడుల్లో పదో తరగతి పిల్లలకు కంటిమీద కునుకుండదు. అలాంటి రోజుల్లో ఒకసారి నా బల్లమీద పేరులేని చీటీ ఒకటి కనిపించింది. "గడువు దాటి పది రోజులైనా నెలసరి రాలేదు. ఇది జబ్బా సార్?" అని ఉంది. ఈ భయం మరెందరికో ఉంటుంది కనుక జవాబు ఇక్కడ రాస్తున్నాను. అబ్బాయిలూ, మీరూ చదవండి. ఇదీ జీవశాస్త్రమే.

నెలసరి స్రావం గర్భాశయం నుంచి వచ్చినా, దాని వెనుక ఉన్న ఆజ్ఞ మెదడుది. మెదడు అడుగున హైపోథాలమస్ అనే చిన్న భాగం ఉంది. అది సుమారు గంటకో గంటన్నరకో ఒకసారి ఒక హార్మోనును కొద్దికొద్దిగా విడుదల చేస్తుంది. మెదడు తయారుచేసే ఇలాంటి హార్మోనులపై పరిశోధించిన గిల్లెమిన్, షాలీలకు 1977లో నోబెల్ బహుమతి లభించింది. ఈ హార్మోను పీయూష గ్రంథిని మేల్కొలుపుతుంది. పీయూష గ్రంథి అండాశయాన్ని మేల్కొలుపుతుంది. అప్పుడు అండం పక్వమై విడుదలవుతుంది. ఆ తర్వాత సుమారు 14 రోజులకు నెలసరి వస్తుంది.

మరి బెంగ ఏం చేస్తుంది? భయం, దుఃఖం, నిద్రలేమి చాలా రోజులు సాగితే, మూత్రపిండాలపై ఉండే అధివృక్క గ్రంథులు కార్టిసాల్‌ను ఎక్కువగా స్రవిస్తాయి. ఇలాంటి ఒత్తిడి హార్మోనుల వల్ల హైపోథాలమస్ సంకేతాలు మందగిస్తాయి. అండం విడుదల వెనకబడుతుంది. దాంతో నెలసరీ వెనకబడుతుంది. తిండి మానేసి చదివినా ఇదే జరగవచ్చు.

వాన జాడ లేని ఏడు మన ప్రాంతపు రైతు విత్తనాలు చల్లకుండా అదును కోసం ఆగుతాడు. అంతమాత్రాన సేద్యం మానేసినట్లా? శరీరమూ అంతే.

రెండో ప్రపంచ యుద్ధంలో, 1942లో హాంకాంగ్‌లోని స్టాన్లీ శిబిరంలో నిర్బంధించిన స్త్రీలలో చాలామందికి నెలసరి ఆగిపోయింది. ఆకలితోపాటు భయం కూడా అందుకు కారణమని వైద్యులు భావించారు.

అయితే ప్రతి ఆలస్యానికీ బెంగే కారణం కాదు. నెలసరి మొదలైన తొలి రెండు మూడేళ్ళలో 21 నుంచి 45 రోజుల మధ్య ఎప్పుడు వచ్చినా సాధారణమే. మూడు నెలలు రాకపోయినా, స్రావం 7 రోజులు దాటినా, 15 ఏళ్ళు నిండినా అసలు మొదలుకాకపోయినా అమ్మకు చెప్పి డాక్టరుకు చూపించుకోవాలి.

చీటీ రాసిన అమ్మాయీ, ఇందులో నీ తప్పేమీ లేదు. వేళకు తిను, కంటినిండా నిద్రపో, తేదీలు ఒక పుస్తకంలో రాసుకో. ఈసారి ఇలాంటి ప్రశ్న వస్తే చీటీ అక్కర్లేదు, నోరు తెరిచి అడుగు.