అల్లరికి బహువచనం

వచనాలు చెబుతూ నల్లబల్ల మీద 'అల్లరి – అల్లర్లు' అని రాశాను. వెనక బెంచీ కుర్రాడొకడు లేచి, "చిన్న అల్లరి చాలాసార్లు చేస్తే అల్లర్లైపోతాయాండి మేస్టారూ?" అన్నాడు. తరగతంతా నవ్వింది. నేనూ నవ్వాను. అమలాపురంలో అల్లర్లు జరిగి అప్పటికి రెండు నెలలైనా కాలేదు.

వ్యాకరణం ప్రకారం వాడన్నది నిజమే. అర్థం మాత్రం ఆ దారిన నడవదు. ఏకవచనంలో ఈ మాట ముద్దుగా ఉంటుంది: అల్లరి కృష్ణుడు, అల్లరి పిల్ల. సినిమావాళ్ళు 'అల్లరి మొగుడు' (1992), 'అల్లరి ప్రియుడు' (1993) అంటూ మగవాడి ఆగడానికీ ఆ ముద్దే అంటించారు. 'అల్లరిపాలు' దగ్గరకొచ్చేసరికి ముద్దు పోతుంది. నోరు చేసుకునేది ఊరు, పాలయ్యేది ఒక ఆడకూతురు.

చప్పుడొకటే అయినా పేర్లు వేరు. కనుమనాడు జగ్గన్నతోటలో ప్రభల ముందు డప్పులూ కేకలూ సందడి. అదే డప్పు దళితపేట నుంచి పెద్దవీధిలోకొస్తే గొడవ. ఈ తేడా ఏ నిఘంటువులోనూ దొరకదు. (ఇంగ్లీషువాడి 'రయట్' కూడా తక్కువది కాదు. పూలతోటలో రంగుల వెల్లువా అదే, కడుపుబ్బ నవ్వించే మనిషీ అదే!)

కోర్టుభాషలో దీన్ని దొమ్మీ అంటారు. పాత కావ్యాల్లో దొమ్మి అంటే ఇరుసేనలూ కలగలిసి చేసే యుద్ధం. చట్టం దాన్ని అయిదుగురికి దించింది. ఏమైతేనేం, చట్టం మనుషుల్ని లెక్కపెడుతుంది. పత్రికాభాష 'అల్లర్లు చెలరేగాయి' అని ఊరుకుంటుంది, ఉప్పెన వచ్చినట్టు.

జరిగిందేమిటి? 2022 ఏప్రిల్ 4న ఏర్పడిన కోనసీమ జిల్లాకు అంబేద్కర్ పేరు చేరుస్తామని మే 18న ప్రభుత్వం ప్రకటించి, అభ్యంతరాలుంటే చెప్పమంది. మే 24న అమలాపురంలో ఆ పేరు వద్దంటూ వచ్చిన గుంపులు మంత్రి పినిపే విశ్వరూప్ ఇంటికీ, శాసనసభ్యుడు పొన్నాడ సతీష్ కుమార్ ఇంటికీ నిప్పుపెట్టాయి. బస్సులు కాల్చాయి. పోలీసుల మీద రాళ్ళు రువ్వాయి. ఆగస్టులో ఆ పేరే ఖాయమైంది.

నిప్పుపెట్టడం, కాల్చడం, రువ్వడం – వీటిలో దేనికీ ముద్దు అంటదు. 'అల్లర్లు' అనగానే మాత్రం, ఎంత వద్దన్నా, ఏకవచనం తొంగిచూస్తుంది: కుర్రాళ్ళు, వేడిరక్తం, తెలియక చేశారు. ఆ రోజుల్లో స్టాఫ్ రూములో నేనూ "ఏదో కుర్రాళ్ళ అల్లరి" అన్నాను. పక్కనున్న దళిత సహోపాధ్యాయుడు మాట్లాడకుండా లేచి వెళ్ళిపోయాడు. కారంచేడు (1985), చుండూరు (1991) గురించి మన రచయితలు 'మారణకాండ' అనే రాశారు. అక్కడ ప్రాణాలు పోయాయి, ఇక్కడ పోలేదు, నిజమే. మాట ఎంచుకోవడంలో ఆ శ్రద్ధ ఇక్కడెందుకు చూపలేదన్నదే నా ప్రశ్న. అది ముందు నాకే తగులుతుంది.

మర్నాడు వచనాలు ఆపి విభక్తుల్లోకి వెళ్ళాను. 'అల్లర్లు జరిగాయి' అన్న వాక్యంలో కర్త ఎవరని అడిగాను. ఆ కుర్రాడే లేచి, "అల్లర్లేనండి" అన్నాడు. వాడికి మార్కు వెయ్యక తప్పలేదు.