జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమము

జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమము భారతదేశంలో మానసిక వ్యాధుల చికిత్సను పెద్ద ఆసుపత్రుల నుండి గ్రామాలకు చేరువగా తీసుకొనివెళ్ళడానికి ఉద్దేశించిన ప్రభుత్వ పథకము. 1982లో మొదలైన జాతీయ మానసిక ఆరోగ్య కార్యక్రమములో ఇది భాగము. 1996లో దీనిని మొదట నాలుగు జిల్లాలలో ప్రారంభించారు. వాటిలో అప్పటి ఆంధ్ర ప్రదేశ్‌లోని (ఇప్పటి తెలంగాణ) మెదక్ జిల్లా ఒకటి.

నేపథ్యము

తెలుగువారికి చాలాకాలము మానసిక చికిత్స అంటే హైదరాబాదులోని ఎర్రగడ్డ, విశాఖపట్నములోని చినవాల్తేరు ఆసుపత్రులే. ఎర్రగడ్డ అన్న పేరే వాడుకలో ఎగతాళి మాట అయినది. ఆ ఎగతాళికి వెరచి చికిత్సకు వెళ్ళనివారు ఎందరో. వెళ్ళినవారికీ మందులు నెలల తరబడి, ఒక్కొక్కసారి ఏళ్ళ తరబడి వాడవలసి ఉంటుంది. ప్రతిసారీ బస్సు ఛార్జీలు, తోడు వచ్చేవారి ఒకరోజు కూలి నష్టము. మందులు మధ్యలో ఆగిపోవడానికి ఇది ముఖ్య కారణము. వ్యాధి తిరగబెడితే "మందులు పనిచేయలేదు" అనుకోవడం పరిపాటి.

బళ్ళారి నమూనా

బెంగళూరులోని నిమ్‌హాన్స్ సంస్థ 1985-90 మధ్య కర్ణాటకలోని బళ్ళారి జిల్లాలో, సుమారు 20 లక్షల జనాభాకు ఒక కొత్త పద్ధతిని అమలుచేసి చూసింది. ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల వైద్యులకు, ఆరోగ్య కార్యకర్తలకు శిక్షణ ఇచ్చి, కొద్దిపాటి అత్యవసర మందులను అక్కడే అందుబాటులో ఉంచారు. తనలో తాను మాట్లాడుకోవడం, ఎవరితోనూ కలవకపోవడం, మూర్ఛలు రావడం వంటి లక్షణాలను కార్యకర్తలు గుర్తించి వైద్యునికి తెలిపేవారు. క్లిష్టమైన రోగులను మాత్రమే జిల్లా స్థాయికి పంపేవారు. 1996 పథకానికి ఇదే ఆధారము.

చట్టము, ప్రస్తుత స్థితి

2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఏర్వాడి దర్గా సమీపంలో ఒక ఆశ్రయంలో మంటలు చెలరేగి, గొలుసులతో కట్టివేయబడిన 28 మంది మానసిక రోగులు మరణించారు. 2015-16 జాతీయ మానసిక ఆరోగ్య సర్వే ప్రకారం, వ్యాధిని బట్టి 70 నుండి 92 శాతం మందికి చికిత్స అందడం లేదు. 2022 అక్టోబరు 10న ప్రారంభమైన టెలిమానస్ (14416) ద్వారా తెలుగులోనూ ఉచితంగా సలహా పొందవచ్చు. అయితే ఫోను మాటలు మందులకు బదులు కావు.

2018 మే 29న అమలులోకి వచ్చిన మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము, 2017 ప్రకారం చికిత్స ప్రతి వ్యక్తి హక్కు. జిల్లాలో కనీస ప్రభుత్వ సేవలు లేనియెడల, రోగి ఆ జిల్లాలోనే వేరొకచోట పొందిన చికిత్స ఖర్చును ప్రభుత్వము భరించవలెను. ఈ నిబంధన రోగుల కుటుంబాలకు తెలియడం అరుదు.