మూగజీవాన్ని ఎవరి చేతిలో పెట్టాలి?

– పూర్వ విద్యార్థిని, ఎం.ఎస్సీ. జంతుశాస్త్రం

చెల్లెళ్లారా!

వార్షికోత్సవ సంచికకు పనికొచ్చే విషయం ఏదైనా రాయమని వార్డెన్ మేడమ్ అడిగారు. నేను ఎంచుకున్న విషయం వింటే మీకు నవ్వు రావచ్చు. ఊరికి వెళ్లేవాళ్లు తమ కుక్కనో పిల్లినో చూసుకోవడానికి ఇంటర్నెట్‌లో మనిషిని వెతుక్కోవడం, ఆ మనిషి నమ్మదగినవారో కాదో తేల్చుకోవడం. ఇదీ విషయం. ఇదే హాస్టల్లో ఒక ట్రంకు పెట్టె, ఒక కంచం, ఒక దుప్పటితో చదువుకున్న నాకూ మొదట నవ్వే వచ్చింది. కానీ ఏడాదిన్నరగా హైదరాబాద్‌లో నా పుస్తకాలకు, బస్సు పాసుకు డబ్బులు వస్తున్నది ఆ పని వల్లనే. రేపు మీలో కొందరు పెద్ద చదువులకు నగరాలకు వెళ్తారు. ఈ పని మీ ముందుకూ రావచ్చు. కొంతకాలానికి మీ ఇంట్లోనే ఒక కుక్కపిల్ల ఉండవచ్చు. అందుకే రెండు వైపులా తెలిసి ఉండాలని ఈ వ్యాసం రాస్తున్నాను.

ఊరి హామీ – నగరం అవసరం

మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటిదాన్ని నేను. మా అమ్మ ఊళ్లో వేరేవాళ్ల మేకలు మేపేది. పుట్టిన పిల్లల్లో సగం మాకు, సగం మేకలవాళ్లకు అని ఒప్పందం. కాగితం లేదు, సంతకం లేదు. ఒక మేక తప్పిపోతే చీకటి పడేలోగా ఊరంతా తెలిసేది. అంటే అక్కడ హామీ ఉన్నది ఊరే. ఈ పని సంగతి చెబితే అమ్మ, "ఏందే బిడ్డా, కుక్కకు కావలి ఉంటే పైసలిస్తరా? నువ్వెవరో ఎరుక లేకుండనే ఇల్లు నీకిడిసిపెట్టి పోతరా?" అని అడిగింది. అమ్మ అడిగిన రెండో ప్రశ్నే అసలు ప్రశ్న.

నగరాల్లో చాలా ఇళ్లలో పిల్లలు అమెరికాలోనో బెంగుళూరులోనో ఉంటారు. ఇక్కడ పెద్దవాళ్లిద్దరూ, వాళ్లకు తోడుగా ఒక కుక్కా ఉంటాయి. కూతురి కాన్పుకో, బంధువుల పెళ్లికో వెళ్లాలంటే కుక్కను ఎవరికి అప్పగించాలి? పక్కింటివాళ్లతో అంత పరిచయం ఉండదు. అందుకని యాప్‌లలో, వాట్సాప్ గ్రూపుల్లో వెతుకుతారు. 2011లో సియాటిల్ నగరంలో మొదలైన రోవర్ వంటి సంస్థలు అమెరికాలో ఈ పద్ధతిని బాగా వ్యాప్తిలోకి తెచ్చాయి. మన నగరాల్లోనూ ఇప్పుడు ఇటువంటివి ఉన్నాయి. పని మూడు రకాలు. మనిషి ఆ ఇంట్లోనే ఉండి చూసుకోవడం, రోజుకు ఒకటి రెండుసార్లు వచ్చి తిండి పెట్టి తిప్పి వెళ్లడం, జంతువునే ఆ మనిషి ఇంటికి పంపడం.

అప్పగించేవారు చూడవలసినవి

మొదటిది, యాప్‌లో పేరు పక్కన కనిపించే 'ధ్రువీకరించబడింది' అన్న గుర్తు. చాలాసార్లు దాని అర్థం గుర్తింపు కార్డు చూశారు అని మాత్రమే. ఆ మనిషికి కుక్కను పట్టుకోవడం వచ్చా రాదా అన్నది ఆ కార్డు చెప్పదు. ప్రశంసలు ఎవరైనా రాయించుకోవచ్చు. ఫొటోలు వేరేచోట నుంచి తెచ్చి పెట్టుకోవచ్చు. అందువల్ల ఇంతకు ముందు పని చేయించుకున్న ఇద్దరి ఫోన్ నంబర్లు అడిగి స్వయంగా మాట్లాడాలి. "బాగా చూసుకున్నారా?" అని అడిగితే అందరూ "ఆ, బాగానే" అంటారు. "ఏదైనా ఇబ్బంది వచ్చిందా? వచ్చినప్పుడు ఆ మనిషి ఏం చేశారు?" అని అడగాలి.

రెండవది, ప్రయాణానికి వారం ముందే మనిషిని పిలిపించి జంతువుతో కలపాలి. తలుపు తీయగానే కుక్క మీదికి చేతులు చాచేవారికంటే, పక్కగా నిలబడి దాన్ని వాసన చూడనిచ్చేవారికి పని తెలుసునని అర్థం. కరిచే ముందు కుక్క కొన్ని సూచనలు ఇస్తుంది. ఒళ్లు బిగిస్తుంది, పెదవులు నాక్కుంటుంది, ముఖం తిప్పుకుంటుంది, కంటి తెల్లగుడ్డు కనబడేలా ఓరగా చూస్తుంది, గుర్రుమంటుంది. ఇవి తెలుసునా అని అడగాలి. వీలైతే ఒక్క రాత్రి ప్రయత్నంగా ఉంచి చూడాలి.

మూడవది, జంతువును పంపించే పక్షంలో ఆ ఇల్లు చూడకుండా పంపకూడదు. "ఇంటికి రావద్దు, మేమే వచ్చి తీసుకెళ్తాం" అనేవారి దగ్గర ఆగిపోవడమే మంచిది. గేటు సందుల్లోంచి కుక్క దూరుతుందా, బాల్కనీకి పిల్లి పడిపోకుండా జాలీ ఉందా, ఒకేసారి ఎన్ని జంతువులు ఉంటాయి అన్నవి చూడాలి. అక్కడికి వచ్చే కుక్కలన్నిటి టీకా కార్డులు వాళ్లు అడుగుతున్నారా లేదా అన్నది ముఖ్యం. పార్వో వైరస్ జబ్బుపడిన కుక్క మలం ద్వారా వ్యాపిస్తుంది. నేల మీద నెలల తరబడి బతికి ఉండగలదు. "మీ కార్డు చూపించండి" అని మొహమాటం లేకుండా అడిగేవారే నమ్మదగినవారు.

నాలుగవది, ఒక కాగితం. తిండి, మందులు, పశువైద్యుని నంబరు, అత్యవసరమైతే ఎంతవరకు ఖర్చు పెట్టవచ్చు, ఏవి పెట్టకూడదు అన్నీ రాసి ఇవ్వాలి. దీని విలువ నాకు అనుభవంలో తెలిసింది. ఒకరోజు పొద్దున నా కిచిడీ కొంచెం మిగిలింది. మన హాస్టల్లో మెస్ దగ్గరి కుక్కకు పెట్టినట్లే పెట్టబోయాను. ఫ్రిజ్ మీద అంటించిన కాగితంలో 'ఉల్లి, వెల్లుల్లి వద్దు' అని కనబడింది. ఉల్లి, వెల్లుల్లి కుక్కల రక్తంలోని ఎర్రకణాలను దెబ్బతీస్తాయి. ఎర్రకణాల గురించి పరీక్షలో పేజీల కొద్దీ రాసినదాన్ని, గిన్నె దగ్గర మాత్రం తెలుసుకోలేకపోయాను. చాక్లెట్, ద్రాక్ష, కిస్‌మిస్ కూడా కుక్కలకు విషమే. మనం జ్వరానికి వేసుకునే పారాసెటమాల్ పిల్లి ప్రాణం తీయగలదు. ఎండాకాలంలో ఇంకో జాగ్రత్త కావాలి. కుక్క మనలా ఒంటి నిండా చెమట పట్టి చల్లబడదు, ప్రధానంగా ఒగర్చి చల్లబడుతుంది. దాన్ని కారులో వదిలి తలుపులు వేస్తే కొద్ది నిమిషాల్లోనే ప్రాణం మీదికి వస్తుంది.

చట్టం కూడా ఉంది. కొట్టడం, చాలినంత తిండి, నీళ్లు, నీడ లేకుండా ఉంచడం 1960 నాటి జంతు హింస నివారణ చట్టం ప్రకారం నేరం. కావాలని జంతువును చంపినా, అవిటిని చేసినా భారతీయ న్యాయ సంహిత 325వ సెక్షన్ కింద 5 ఏళ్ల వరకు శిక్ష పడవచ్చు. కానీ చట్టం నష్టం జరిగిన తరువాత వస్తుంది. విచారణ ముందే జరగాలి.

ఏది పరీక్ష, ఏది కాదు

ఇక్కడ ఒక మాట దాచకుండా చెప్పాలి. నేను వెళ్లిన ఒక ఇంట్లో ఆవిడ నా పేరు అడిగారు. చెప్పాను. "పూర్తి పేరు?" అన్నారు. ఇంటిపేరుతో చెప్పాను. "నాన్న ఏం చేస్తారు? ఊళ్లో మీ ఇళ్లు ఎటువైపు?" అన్నారు. ఎక్కడ చదివానో చెప్పగానే ఆవిడకు కావలసిన జవాబు దొరికినట్లుంది. "ఫోన్ చేస్తాంలే అమ్మా" అన్నారు. అప్పటికి వాళ్ల కుక్క నా పాదాల మీద తల పెట్టి పడుకుని ఉంది. ఫోన్ రాలేదు. ఆ పది నిమిషాల్లో ఆవిడ నన్ను కుక్క గురించి ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. నాకు పని పోయిన మాట నిజం. కానీ ఆ కుక్కకు కాపలాగా ఉండవలసిన మనిషికి పరీక్ష జరగనే లేదు.

తార్నాకలో ఒక రిటైర్డ్ టీచరమ్మ ఇంట్లో వేరుగా జరిగింది. "అమ్మాయ్, మెడపట్టీలోంచి తల తప్పించుకుని రోడ్డు మీదికి పరుగెత్తితే ఏం చేస్తావు?" అని అడిగారు. వెంటపడి పరుగెత్తనని, అలా చేస్తే ఆటనుకుని ఇంకా దూరం పోతుందని, వెనక్కి తిరిగి కూర్చుని పేరు పెట్టి పిలుస్తానని చెప్పాను. "పట్టుకో" అని గొలుసు నా చేతికిచ్చి తాను వెనక నడిచారు. వీధి చివరి దాకా వెళ్లి వచ్చాం. నా కార్డు చూశారు, మా ప్రొఫెసర్‌కు ఫోన్ చేశారు. ఆ విచారణ గట్టిగానే జరిగింది. అయినా నాకు చిన్నతనం అనిపించలేదు. ఎందుకంటే ఆమె అడిగినవన్నీ పనికి సంబంధించినవే. పుట్టుకను అడగడం విచారణ కాదు. చేతి పనితనాన్ని, మాట నిలకడను చూడడమే విచారణ.

పనికి వెళ్లేవారు చూడవలసినవి

అప్పగించేవారికి భయం ఉన్నట్లే, తెలియని ఇంటికి వెళ్లే మనకూ ప్రమాదాలు ఉన్నాయి. మనమూ విచారించాలి.

మొదటిసారి ఒంటరిగా వెళ్లకండి. అడ్రసు, ఫోన్ నంబరు, తిరిగి వచ్చే వేళ స్నేహితురాలికి చెప్పి వెళ్లండి. ఇంట్లో ఎవరెవరు ఉంటారో ముందే అడగండి. మనసు ఒప్పుకోకపోతే డబ్బు చూసి ఆగవద్దు. ఆపద అనిపిస్తే 112కు ఫోన్ చేయండి. ఆధార్ కాపీ అడిగితే చివరి 4 అంకెలు మాత్రమే కనిపించే మాస్క్‌డ్ ఆధార్ ఇవ్వవచ్చు.

"పని ఖాయం, ముందు రిజిస్ట్రేషన్ డబ్బు పంపండి" అంటే మోసమని అనుమానించండి. "డబ్బు వేస్తున్నాం, పిన్ కొట్టండి" అన్నా మోసమే. డబ్బు తీసుకోవడానికి యు.పి.ఐ. పిన్ అవసరం లేదు. మోసపోతే వెంటనే 1930కు ఫోన్ చేయాలి.

కుక్క టీకా కార్డు చూడకుండా పని ఒప్పుకోవద్దు. కుక్కపిల్లకు 3 నెలల వయసులో రేబీస్ టీకా వేయించాలి, తరువాత డాక్టరు చెప్పిన గడువు ప్రకారం మళ్లీ వేయించాలి. కుక్క కరిచినా, గోళ్లతో గీరి చర్మం లేచినా పంపు నీళ్లు, సబ్బుతో 15 నిమిషాలు కడగండి. పసుపు, కారం, సున్నం పెట్టవద్దు. అదే రోజు ఆసుపత్రికి వెళ్లండి. ప్రభుత్వ ఆసుపత్రుల్లో టీకా ఉచితం. చర్మంలోకి ఇచ్చే పద్ధతిలో అయితే 0, 3, 7, 28 రోజుల్లో వేస్తారు. రక్తం వచ్చిన గాయమైతే టీకాతో పాటు ఇమ్యునోగ్లోబ్యులిన్ కూడా కావాలి. హైదరాబాద్‌లో ఉన్నవారికి నారాయణగూడ ఐ.పి.ఎం. ఈ వైద్యానికి పేరుపొందిన చోటు. రేబీస్ లక్షణాలు కనిపించాక దాదాపు ఎవరూ బతకరు. కాబట్టి పని పోతుందని, యజమాని ఏమనుకుంటారో అని గాయాన్ని దాచవద్దు.

చివరగా

మేకల మంద ఇంటికి వచ్చాక మా అమ్మ రోజూ లెక్క చూసుకునేది. ఒక్కొక్కదాని వీపు మీద చెయ్యి వేసి లెక్కపెట్టేది. ఆ లెక్క అడిగే యజమాని ఊళ్లో లేని రోజున కూడా అలాగే చేసేది. టీచరమ్మ ఊరికి వెళ్లిన నాలుగు రోజులూ నేను ఉదయం, సాయంత్రం కుక్క ఫొటో, అది తిన్న గిన్నె ఫొటో పంపాను. ఆమె తిరిగి వచ్చాక ఒప్పుకున్న డబ్బుతో పాటు ఇంటి రెండో తాళం చెవి నా చేతిలో పెట్టి, "ఇది నీ దగ్గరే ఉండనీ" అన్నారు.

రేపు మీరు ఏ వైపు నిలబడినా, అంటే తాళం ఇచ్చేవారైనా, తీసుకునేవారైనా, అడగవలసినవి గట్టిగా అడగండి. అడగకూడనిది అడగకండి. నోరులేని జీవికి తన కష్టం చెప్పుకునే వీలు లేదు గనుక, దాని తరఫున ఆ ప్రశ్నలు మనమే వేయాలి.

మీ అందరికీ వార్షికోత్సవ శుభాకాంక్షలతో,
మీ అక్క.