అచ్చేసే సోలార్ ప్యానెల్ కోసం ఆగాలా?

"పేపరు అచ్చేసినట్టు అచ్చేసే సోలార్ ప్యానెల్ వస్తదట, సగం ధరకే దొరుకుతదట. అప్పటిదాకా ఆగమంటారా సారూ?" అబ్దుల్లాపూర్‌మెట్ మండలంలో ఆకుకూరలు పండించే రైతు ఒకరు అడిగిన మాట ఇది. కరెంటు స్తంభం చేనుకు దూరంగా ఉన్నవారికి ఇది పెద్ద ఖర్చుతో ముడిపడిన ప్రశ్న. జవాబు ముందే చెబుతున్నాం: ఆగొద్దు. ఎందుకో తెలుసుకుంటే, రేపు ఎవరైనా ఆ పేరు చెప్పి అమ్మజూపినా మోసపోరు.

ఆ ప్యానెల్ పేరు పెరోవ్‌స్కైట్. ఇప్పుడు పొలాల్లో కనిపించేవి సిలికాన్‌వి. సిలికాన్‌ను 1,400 డిగ్రీలకు పైగా కాచి కరిగించి, పలుచని బిళ్లలుగా కోయాలి. పెరోవ్‌స్కైట్‌ను ద్రావణంగా కలిపి గాజు మీద పూసి, నూరు డిగ్రీల సెగకు ఆరబెడితే చాలు. పూత మందం తలవెంట్రుకలో నూరో వంతు. 2009లో జపాన్‌లో మియాసాకా బృందం మొదట చేసిన సెల్ ఎండలో 3.8 శాతాన్నే కరెంటుగా మార్చింది. ప్రయోగశాలల్లో చేసిన చిన్న ముక్కలు ఇప్పుడు 26 శాతం దాటాయి.

మరి తిరకాసు ఎక్కడ? ఎండ పడగానే పూతలో ఎలక్ట్రాన్ లేచి ఒక వైపు పోతుంది. అది ఖాళీ చేసిన చోటును 'రంధ్రం' అంటారు. యూరియా దుకాణం ముందు పెట్టే చెప్పుల వరుస గుర్తు తెచ్చుకోండి. ముందున్న జత తీయగానే రెండోది ముందుకు జరుగుతుంది, మూడోది దాని చోటుకు వస్తుంది. చెప్పులు ముందుకు పోతుంటే ఖాళీ వెనక్కి పోతుంది. సెల్‌లో రంధ్రం నడిచేదీ అట్లాగే. ఎలక్ట్రాన్లు ఒక వైపు, రంధ్రాలు రెండో వైపు చేరితేనే కరెంటు. దారిలో రెండూ మళ్లీ కలిశాయా, ఆ శక్తి వృథా. అందుకే ఒక పక్కన రంధ్రాలను మాత్రమే రానిచ్చి, ఎలక్ట్రాన్లను ఆపే పొర వేస్తారు.

ఈ పొరకు బాగా వాడుకలో ఉన్నది స్పైరో-ఓమీటాడ్ అనే సేంద్రియ రసాయనం. సేంద్రియం అనగానే పశువుల ఎరువు అనుకోకండి. ఇక్కడ ఆ మాటకు కర్బనంతో కట్టిన పదార్థం అని అర్థం. దీని తయారీకి చాలా దశలు, అందుకే ఖరీదు. పైగా దానంతట అది రంధ్రాలను సరిగా మోయలేదు, లిథియం లవణం కలపాలి. ఆ లవణం గాలిలోని తేమను లాగుతుంది. మూతి విప్పిన యూరియా బస్తా వానాకాలంలో ఏమవుతుందో మీకు చెప్పనక్కర్లేదు. ఆ తేమ పెరోవ్‌స్కైట్‌లోకి దిగితే నల్లటి పూత పసుపుపచ్చగా మారి కరెంటు పడిపోతుంది. ఎండ సంగతి సరేసరి. మే నెలలో మన దగ్గర ప్యానెల్ ఒళ్లు 60 డిగ్రీలు దాటుతుంది. ప్యానెళ్లకు పెట్టే అంతర్జాతీయ పరీక్షల్లో ఒకదానిలో 85 డిగ్రీల వేడి, 85 శాతం తేమలో వెయ్యి గంటలు ఉంచుతారు. అంత వేడిలో స్పైరో పొర చెడిపోతుంది.

దీనికి విరుగుడు వెతికేవాళ్లు మనకు దూరమేమీ కాదు. తార్నాకలోని ఐఐసీటీ శాస్త్రజ్ఞులు థాలోసయనిన్ అనే రంగు పదార్థాల మీద పని చేశారు. ఆకులోని పత్రహరితాన్ని పోలిన కట్టుబడి వీటిది, వేడికి బాగా ఓరుస్తాయి. మన జిల్లాలోనే బాలాపూర్‌లో ఉన్న ఏఆర్‌సీఐ మరో దారి పట్టింది. ఖరీదైన పొరను, దానిపై వేసే బంగారాన్ని పక్కనపెట్టి కర్బనం పూస్తారు. కరెంటు కొంత తగ్గినా తేమకు అడ్డుగా నిలుస్తుంది. రైతుకు పనికొచ్చేది ఈ రెండో దారే అని మాకనిపిస్తోంది. బ్రిటన్‌కు చెందిన ఆక్స్‌ఫర్డ్ పీవీ 2024లో సిలికాన్ మీద పెరోవ్‌స్కైట్ పూసిన ప్యానెళ్లను అమెరికాకు పంపింది. అయితే పాతికేళ్లు ఎండావానల్లో నిలిచి చూపించిన పెరోవ్‌స్కైట్ ప్యానెల్ ఇంకా లేదు. దాని వయసే అంత లేదు మరి.

ఇంకో మాట. ఈ పూతలో సీసం ఉంటుంది. చదరపు మీటరుకు గ్రాము లోపే అయినా నీటిలో కొంత కరుగుతుంది. వడగళ్లకు గాజు పగిలితే అది ఆకుకూర మడిలోకే దిగుతుంది.

కాబట్టి ఇప్పుడు మోటారుకు ప్యానెల్ కావాలంటే సిలికాన్‌దే తీసుకోండి. 2019లో మొదలైన పీఎం-కుసుమ్ పథకంలో 7.5 హెచ్‌పీ వరకు సోలార్ పంపులకు రాయితీ పెట్టారు. మీ గ్రామానికి ఇప్పుడు వర్తిస్తుందో లేదో రైతువేదికలో ఏఈఓను అడగండి. కొనేటప్పుడు ప్యానెల్ వెనక అతికించిన చీటీ చదివించుకుని, ఏ రకమో, ఎన్నేళ్ల వారంటీయో బిల్లు మీద రాయించుకోండి. అన్నిటికన్నా ముందు, ఎండాకాలంలో మీ బోరు ఆగకుండా ఎన్ని గంటలు పోస్తుందో కొలిచి, ఆ తర్వాతే ఎన్ని హెచ్‌పీ కావాలో తేల్చుకోండి.