కొళాయిలో వేడినీరు త్వరగా వచ్చుటకు ఎట్టి పంపు కొనవలెను?

మన పల్లెలలో మిద్దెలమీద సోలారు హీటరు పెట్టించుకొనిన సభ్యులు పెక్కురు కలరు. పూర్వము పెరటిలో పొయ్యిమీద కాగు పెట్టి, కందికట్టె మంటవేసి నీళ్లు కాచెడివారము. కాగునుండి స్నానపు గదికి పదియడుగులు. బిందెతో తోడుకొనిపోయిన చాలును. ఇప్పుడు వేడినీరు మేడపై నుండును. స్నానము చేయు ముసలివారు క్రింద పెరటివైపున నుందురు. నడుమ గొట్టము కలదు. కొళాయి త్రిప్పినంతనే వచ్చునది టాంకీలోని వేడినీరు గాదు. రాత్రియంతయు గొట్టములో నిలిచి చల్లబడిన నీరు. అది వెడలిపోయిన పిదపగాని వేడినీరు రాదు.

ఈ యాలస్యమునకు పంపు పనిచేయునా, చేసినచో నెట్టిది కొనవలెనని సభ్యులు కొందరు మమ్మడిగినారు. ఈ విషయమున మేమే యొకసారి పొరపాటుపడి డబ్బు పోగొట్టుకొంటిమి గావున కొంచెము వివరముగా వ్రాయుచున్నాము.

పంపు మాట తలపెట్టుటకు ముందు గొట్టము కొలువవలెను. ముప్పాతిక అంగుళపు గొట్టము మీటరు పొడవున సుమారు పావు లీటరు నీరు పట్టును. అర అంగుళపుది అందులో సగము. మా యింట 22 మీటర్ల ముప్పాతిక గొట్టము కలదు. అనగా నైదున్నర లీటర్ల చల్లనీరు. మేడనుండి తనంతట దిగు నీరు మా కొళాయిలో నిమిషమునకు 3 లీటర్లకంటె రాదు. గొట్టము సయితము వేడెక్కవలెను గాన, మూడు నిమిషములు పట్టుచుండెను. ధనుర్మాసమున తెల్లవారుజామున మా తల్లిగారు ఆ మూడు నిమిషములు తడిబండలమీద నిలుచుండవలసివచ్చెడిది. “ఈ కొళాయి కంటె నా కాగే నయము గదరా!” అని యామె యనని దినము లేదు.

వృథాయగు నీటినిగూర్చి యొకమాట. దినమున కారుమారులు కొళాయి త్రిప్పినచో నేటికి సుమారు 12,000 లీటర్లు. పట్టణవాసికి ఇది గొప్ప లెక్కయే. ఎకరమున కొక అంగుళము నీరు పెట్టుటకు లక్ష లీటర్లు దాటునని యెఱిగిన రైతునకు ఇది పెద్ద లెక్క గాదు. ఆ చల్లనీటిని బాల్చీలో పట్టి పశువుల తొట్టిలో పోసిన నేమియు చెడదు. ముసలివారు, పసిబిడ్డలు, బాలింతలు గల యిండ్లకే ఈ పంపు నిజముగా నక్కరకు వచ్చునని మా యభిప్రాయము. గొట్టము పది మీటర్లకు లోపలనున్నవారు పంపు కొననే వలదు. గొట్టమునకు నురుగుతొడుగు వేయించిన చాలును. ఒకరు స్నానము చేసిన పిదప మరియొకరు వెంటనే పోయినచో నీరింకను వేడిగానే యుండును.

ఇక పంపు సంగతి. అంగళ్లలో రెండు జాతుల పంపులను ఒకే పేరుతో చూపుచున్నారు. ఒకటి ఒత్తిడి పెంచు పంపు. ఇది నీటిని వడిగా త్రోయును గాన కాలము తగ్గును. కాని బయటికి పోవు చల్లనీరు మాత్రము మునుపటి యైదున్నర లీటర్లే. రెండవది త్రిప్పు పంపు. చివరి కొళాయి యొద్దనుండి మరియొక సన్నని గొట్టమును మరల టాంకీకి వేసి, చల్లబడిన నీటిని పైకి పంపి, దాని వెనుకనే వేడినీటిని క్రిందికి రప్పించును. ఒక్క చుక్కయైనను నేలపాలు గాదు. మనకు కావలసినది ఇదియే. అమెరికాలో స్థిరపడిన మన పిల్లల యిండ్లలో కొన్నిట రెండవ గొట్టము లేకుండ, చల్లనీటి గొట్టముగుండనే వెనుకకు పంపు పద్ధతి కలదు. అచ్చట చల్లని కొళాయిలో కొంతసేపు గోరువెచ్చని నీరు వచ్చును. మన వేసవికి అది సరిపడదు.

మేము చేసిన మొదటి పొరపాటు శక్తి విషయమున. నీరు మేడకెక్కవలెను గదా యని, దుకాణదారుని మాటపై అర హార్సుపవరు మోనోబ్లాకు కొంటిమి. బావినుండి నీరు తోడుటకు ఎత్తునకు తగిన బలము కావలెను, నిజమే. కాని ఇచ్చట నీరు ఒక ప్రక్క దిగుచు, రెండవ ప్రక్క ఎక్కుచుండును. గిలకకు ఇరువైపుల సమానమైన బరువుగల చేదలు కట్టినట్లు ఆ రెండును సరిపోవును. పంపునకు మిగిలిన పని గొట్టపు రాపిడిని జయించుట మాత్రమే. పోవు గొట్టము ముప్పాతిక, తిరుగు గొట్టము అర అంగుళమైన మా యింటికి, నిమిషమునకు ఐదు లీటర్ల చొప్పున రెండు మూడు మీటర్ల హెడ్డు చాలును. 25 మొదలు 45 వాట్ల పంపు అంతమాత్రము చేయును. మా యర హార్సుపవరు దీనికి ఎనిమిదింతలకు మించినది. అది త్రోసిన నీరు టాంకీ గాలిగొట్టముగుండ పొర్లిపోయెను. పైనున్న వేడినీరును అడుగున నున్న చల్లనీరును కలిసిపోయి టాంకీ యంతయు గోరువెచ్చనయ్యెను. పంపు పలకమీద వ్రాయు గరిష్ఠ హెడ్డు, గరిష్ఠ ప్రవాహము ఒకేసారి లభింపవని బోరు మోటారు వాడు సభ్యులకు వేఱుగ చెప్పనక్కరలేదు. కోరిన ప్రవాహమునకు ఎంత హెడ్డిచ్చునో పట్టికలో చూపుమని యడుగవలెను.

పంపు దేహము కంచుదిగాని, ఇత్తడిదిగాని, స్టెయిన్‌లెస్ స్టీలుదిగాని కావలెను. పోత ఇనుపది చౌక. కాని నిత్యము క్రొత్తనీరు వచ్చు చోట త్రుప్పుపట్టి స్నానపు నీరు ఎఱ్ఱబారును. 95 డిగ్రీల వేడికి తాళునని పలకమీద నుండవలెను. మోటారు ఇరుసు నేలకు సమాంతరముగ నుండునట్లు, క్రింది అంతస్తులో తిరుగు గొట్టముపై బిగింపవలెను. పైనున్న నీటి బరువువలన అచ్చట పంపు ఎన్నడును ఎండిపోదు. ఉప్పునీటి బోరులున్న యూళ్లలో సున్నపుపొర కట్టును గాన విప్పి శుభ్రపఱచుటకు ఇరుప్రక్కల యూనియనులు, వాల్వులు పెట్టించుట మంచిది. తిరుగు గొట్టమున నాన్‌రిటర్ను వాల్వు తప్పదు. అది లేనిచో కొళాయి త్రిప్పినప్పుడు టాంకీ యడుగునగల చల్లనీరు ఆ గొట్టముగుండ వెనుకకు దిగివచ్చి వేడినీటిలో కలియును.

రెండవ పొరపాటు ఇంతకంటె పెద్దది. చిన్నపంపు తెచ్చిన పిదప, తెల్లవారునప్పటికి సిద్ధముగా నుండునని రాత్రి పదిగంటలకు మీట వేసి నిద్రించితిమి. ఉదయము ఐదుగంటలకు కొళాయి త్రిప్పినంతనే నీరు వచ్చినది. కాని గోరువెచ్చగా మాత్రమే! టాంకీ యంతయు నట్లే యున్నది. కారణము లెక్కవేసినపుడుగాని తెలియలేదు. 200 లీటర్ల నీరు 35 డిగ్రీలు వేడెక్కుటకు సుమారు ఎనిమిది యూనిట్ల వేడిమి కావలెను. తొడుగులేని గొట్టము మీటరునకు ఇరువది వాట్లకు పైగా గాలిలో విడుచును. రానుపోను 44 మీటర్లకు గంటకు సుమారు ఒక యూనిటు. పగలంతయు సూర్యుడిచ్చినదానిలో సగమునకు పైగా రాత్రి గోడలకే ధారపోసితిమి. పంపు త్రాగిన కరెంటు స్వల్పమే, పోయినది వేడిమి.

కావున పంపునకంటె దాని మీటను గూర్చియే యెక్కువ విచారింపవలెను. ఇప్పుడు మా స్నానపు గది తలుపు ప్రక్కను, తడి తగులని చోట, ఒక బొత్తాము కలదు. నొక్కినచో పంపు తిరుగును. తిరుగు గొట్టమునకు కట్టిన థర్మోస్టాటు 40 డిగ్రీలు చూపినంతనే ఆగిపోవును. గొట్టములు రెంటికిని తొడుగులు వేయించితిమి. మొత్తము రెండు నిమిషములలోపు పని. కరెంటు లేని వేళ పంపు తిరుగదు గాని, కొళాయి మాత్రము మునుపటివలెనే పనిచేయును. ఎర్తింగు సరిగా నున్నదో లేదో ఎలక్ట్రీషియనుచేత చూపించిన పిదపనే బొత్తాము ముట్టుకొనవలెను. మా తల్లిగారు బొత్తాము నొక్కి, తువాలు తెచ్చుకొని, పీట వాల్చుకొనులోపల పంపు ఆగుచున్నది.