నిప్పురవ్వకు కాపలా

1860లో పారిస్‌లో గ్యాస్ ఇంజన్‌కు పేటెంటు తీసుకున్న ఎతియెన్ లెన్వార్ అంతకుముందు ఎనామెల్ పూతల పనివాడు. ఇప్పటి బెల్జియంలో పుట్టి, బతుకుతెరువు కోసం పారిస్ చేరాడు. సిలిండర్‌లోని గ్యాస్‌ను వెలిగించడానికి అధిక వోల్టేజి పుట్టించే రుమ్‌కార్ఫ్ కాయిల్ నుంచి కరెంటును లోపలికి తీసుకెళ్లాలనుకున్నాడు. చిక్కేమిటంటే సిలిండర్ లోహంతో చేసినది. తీగ దానికి ఎక్కడ తగిలినా కరెంటు అక్కడే దిగిపోతుంది, లోపల రవ్వ పుట్టదు. అందుకని తీగకీ లోహానికీ మధ్య పింగాణీ అడ్డం పెట్టాడు. పూతల పని తెలిసినవాడికి ఆ ఆలోచన రావడంలో వింత లేదనిపిస్తుంది నాకు.

స్పార్క్ ప్లగ్ గురించి రాసేవాళ్లు రవ్వను పొగుడుతారు. నన్నడిగితే ఈ కథలో కష్టమంతా ఆ తెల్లటి పింగాణీ తొడుగుదే. రవ్వకు అవసరమైన కరెంటు దారిలో ఎక్కడా కారిపోకుండా సిలిండర్ లోపలి కొస దాకా చేరాలి. నూటయాభై ఏళ్లకు పైగా ఇంజనీర్లు పడుతున్న తంటా ఇదే.

అది ఎంత కష్టమో తెలిసే కాబోలు, జర్మన్ ఇంజనీరు డైమ్లర్ తన తొలి ఇంజన్లలో కరెంటు జోలికే పోలేదు. మంటతో ఎర్రగా కాల్చిన గొట్టంతో ఇంధనాన్ని అంటించాడు. కార్ల్ బెంజ్ 1886 నాటి బండికి బ్యాటరీ, కాయిల్ పెట్టాడు కానీ సమస్యల్లోకెల్లా పెద్ద సమస్య ఇగ్నిషనే అని వాపోయాడు. ముడి విప్పింది స్టుట్‌గార్ట్‌లో రాబర్ట్ బాష్ దగ్గర పనిచేసిన గాట్‌లోబ్ హోనోల్డ్. 1902లో ఆయన అయస్కాంతంతో కరెంటు పుట్టించే అధిక వోల్టేజి మాగ్నెటోనూ, దానికి తగిన ప్లగ్గునూ జంటగా తెచ్చాడు. అమెరికాలో ప్లగ్గుల వ్యాపారానికి పేరు తెచ్చిన ఆల్బర్ట్ చాంపియన్ కథ ఇంకా తమాషాది. 1899లో పారిస్–రూబే సైకిల్ పందెం గెలిచిన ఫ్రెంచివాడు. చాంపియన్ అన్న తన ఇంటిపేరు పాత భాగస్వాముల కంపెనీకే మిగిలిపోగా, చివరికి పొడి అక్షరాలతో ఏసీ ప్లగ్గులు అమ్ముకున్నాడు.

పింగాణీ వేడికి పగిలేది. 1930ల నుంచి దాని స్థానంలోకి అల్యూమినా వచ్చింది. ఇది వేల వోల్టులను ఆపుతుంది, వేడిని త్వరగా బయటికి పంపుతుంది. ప్లగ్గు వేడి సరిపాళ్లలో ఉండడం ఎందుకు ముఖ్యమో పాత చేతక్ స్కూటర్ నడిపినవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. డిక్కీలో స్పేర్ ప్లగ్గు, ప్లగ్గు పానా, గరుకు కాగితం ముక్క ఉంచుకునేవాళ్లు. పెట్రోలులో కలిపిన ఆయిల్ కాలి ప్లగ్గు ముక్కుకు మసి పట్టేది. మసి కరెంటును పోనిస్తుంది. రవ్వగా దూకాల్సినది మసి మీదుగా జారిపోయేది. ప్లగ్గు ముక్కు దాదాపు 500 డిగ్రీలు దాటితే మసి దానంతటదే కాలిపోతుంది. 900 డిగ్రీలకు చేరితే మాత్రం ప్లగ్గే నిప్పుకణికై, రవ్వ రాకముందే పెట్రోలును అంటించేస్తుంది. ఏ ఇంజన్‌కు ఆ నంబరు ప్లగ్గే వేయమనేది ఇందుకే.

ఇక కరెంటు ప్లగ్గు దాకా వచ్చే బయటి దారి. 1910 ప్రాంతంలో అమెరికన్ ఇంజనీరు చార్లెస్ కెటరింగ్ బ్యాటరీ, పాయింట్లు, ఒకే కాయిల్, కరెంటును ఒక్కో ప్లగ్గుకు పంచే డిస్ట్రిబ్యూటర్‌తో పద్ధతి కుదిర్చాడు. మన అంబాసిడర్, ప్రీమియర్ పద్మినీల దాకా నడిచింది అదే. కాయిల్ ఒక మూల, ప్లగ్గులు ఇంకో మూల, మధ్యలో లావుపాటి వైర్లు. ముసురు పట్టిన పొద్దున్నే డిస్ట్రిబ్యూటర్ మూత విప్పి గుడ్డతో తుడిస్తే గానీ బండి కదలని రోజులవి. ఇప్పటి కార్లలో ప్లగ్గు నెత్తినే ఒక్కో కాయిల్ కూర్చుంటుంది. వైర్లు పోయాయి. ఒక్కో సిలిండర్‌కు ఒక్కో కాయిల్ అనేది మాత్రం కొత్త ముచ్చటేం కాదు, 1908లో వచ్చిన ఫోర్డ్ మోడల్ టీలో నాలుగు కాయిల్స్ చెక్కపెట్టెలో ఉండేవి.

వైర్లు పోయినా కాయిల్‌కీ ప్లగ్గుకీ మధ్య ఒక జానెడు దారి మిగిలింది. అక్కడ కాపలా ఉండేది బూట్. సిలికాన్ రబ్బరు గొట్టం, లోపల స్ప్రింగు, అంతే. ప్లగ్గు పాతబడేకొద్దీ దీని మీద భారం పెరుగుతుంది. ప్రతి రవ్వా ఎలక్ట్రోడ్‌ను కాస్త కొరుకుతుంది. నిమిషానికి మూడు వేల చుట్లు తిరిగే ఇంజన్‌లో ఒక్కో ప్లగ్గు సెకనుకు 25 సార్లు రవ్వ వేస్తుంది. ఒక మిల్లీమీటరుకు అటూఇటూగా ఉండే సందు అలా వెడల్పవుతుంది. పదునైన అంచులు గుండ్రబడతాయి. సందు దాటడానికి ఎక్కువ వోల్టేజి కావాలి. అవకాశమున్నంత మేర కాయిల్ ఇస్తుంది, 30 వేల వోల్టులైనా సరే. అప్పుడు రబ్బరులో చిన్న చీలిక ఉన్నా కరెంటుకు సందు కంటే అదే సులువైన దారి. పక్కనున్న లోహంలోకి దూకేస్తుంది. ఎత్తు ఎక్కేటప్పుడు మిస్సింగ్ వస్తుంది, అంటే రవ్వ తప్పిపోతుంది, ఎందుకంటే యాక్సిలరేటర్ తొక్కినప్పుడే సిలిండర్‌లో ఒత్తిడి పెరిగి రవ్వ దూకడం మరీ కష్టమవుతుంది. ఇరీడియం ప్లగ్గుల మొన అర మిల్లీమీటరు దరిదాపుల్లో ఉంటుంది. సన్నటి మొన నుంచి తక్కువ వోల్టేజికే రవ్వ దూకుతుంది. 2,400 డిగ్రీలు దాటితే గానీ కరగని లోహం కాబట్టి త్వరగా అరగదు. ధర ఎక్కువే, అయినా నా ఓటు దానికే.

ప్లగ్గు మార్చేటప్పుడు ఇంజన్ పూర్తిగా చల్లారనివ్వాలి. వేడి అల్యూమినియం హెడ్‌లోంచి ప్లగ్గు విప్పితే మరలు చెడిపోతాయి. కాయిల్ బోల్టు తీశాక ఒక్కసారిగా లాగకుండా కొంచెం అటూఇటూ తిప్పి పైకి తీయాలి. ప్లగ్గు ఉండే గుంతలోని దుమ్మును గాలితో ఊదాకే ప్లగ్గు విప్పాలి, లేదంటే అదంతా సిలిండర్‌లో పడుతుంది. గుంతలో ఆయిల్ కనిపిస్తే పై సీలు కారుతున్నట్టు. ఆ ఆయిల్‌కు బూట్ మెత్తబడి ఉబ్బుతుంది కాబట్టి సీలు మార్చకుండా బూట్ ఒక్కటే మార్చడం దండగ.

తీసిన ప్లగ్గు తెల్లభాగం మీద నిలువుగా పెన్సిలు గీతలాంటి నల్లగీత ఉంటే కరెంటు అక్కడ దారి చేసుకుందన్నమాట. అదే గీత బూట్ లోపలా ఉంటుంది. కొత్త ప్లగ్గుకు ఆ పాత బూటే తొడిగితే కొన్నాళ్లకు దాని మీదా గీత పడుతుంది. అందుకే రెండూ కలిపి మార్చమంటారు. లోహం అంచు దగ్గర కనిపించే గోధుమరంగు వలయానికి మాత్రం కంగారు పడనక్కర్లేదు. కింద పడిన ప్లగ్గు కొత్తదైనా వాడకూడదు, కంటికి కనబడని బీట పడి ఉండొచ్చు.

కొత్తదాన్ని ముందు చేత్తోనే తిప్పాలి. ఆనాక పానాతో, వాషరున్న ప్లగ్గయితే అర చుట్టు నుంచి మూడింట రెండొంతుల చుట్టు చాలు. బూట్ మూతి లోపల డైఎలెక్ట్రిక్ గ్రీజు పలుచగా రాస్తే రబ్బరు అతుక్కుపోదు, తేమ చేరదు.

ఇంత చేసినా మిస్సింగ్ పోకపోతే స్కానర్ పెట్టించండి. పీ 0302 అనే కోడ్ వస్తే మిస్సింగ్ రెండో సిలిండర్‌లో అని. రెండో కాయిల్‌ను బూట్‌తో సహా మూడోదానితో మార్చి నడిపి చూడండి. కోడ్ పీ 0303కు మారితే తప్పు ఆ కాయిల్‌దో బూట్‌దో. మారకుండా రెండులోనే ఉంటే ఆ సిలిండర్ ఇంజెక్టర్‌నూ కంప్రెషన్‌నూ చూడమనండి.