తాళము మనది, తాళపుచెవి ఎవరిది?

ఇనుపపెట్టెకు తాళము వేసి, తాళపుచెవిని వీధిలోనివారికి పంచిపెట్టు గృహస్థు ఎచ్చటను ఉండడు. కాని చిప్పు పాసుపోర్టు విషయమున మనలో అనేకులు చేయుచున్నది ఆ పనియే. భారత ప్రభుత్వమువారు ఈ పాసుపోర్టులను 2024లో ప్రయోగాత్మకముగా ప్రారంభించిరి. 2025లో హైదరాబాదు కార్యాలయమునుండియు ఇవి వెలువడసాగెను. అమెరికాకును, గల్ఫు దేశములకును బిడ్డలను పంపిన కుటుంబములు తెలుగునాట ఊరూరను గలవు. కావున ఈ సంగతిని పాఠకులకు విన్నవించుట మా విధియని తలంచుచున్నాము.

ఈ పాసుపోర్టులో ఒక చిప్పును, దానికి చేర్చిన సన్నని తీగచుట్టయు గలవు. బ్యాటరీ లేదు. తనిఖీయంత్రమునుండి వెలువడు విద్యుదయస్కాంత క్షేత్రమే ఆ చుట్టలో విద్యుత్తు పుట్టించి చిప్పును మేల్కొలుపును. అంతట చిప్పు తనలోని పేరు, పుట్టినతేది, ఛాయాచిత్రము మున్నగువానిని తీగ లేకయే తెలుపగలదు. ఇది కొన్ని అంగుళముల దూరముననే జరుగునట్లు ఏర్పరుపబడినది. నిజమే, కాని క్రిక్కిరిసిన రైలుపెట్టెలో ప్రక్కవాడు అంతకంటె దూరమున నుండునా?

2005లో అమెరికా ప్రభుత్వము ఇట్టి పాసుపోర్టులను ప్రతిపాదించినపుడు చిప్పులోని సమాచారమునకు తాళమే లేదు. ప్రజాభిప్రాయమును కోరగా రెండువేలకు పైగా అభిప్రాయములు వచ్చెను. అందు నూటికి 98కి పైగా ప్రతికూలములే. ఫలితముగా, 2006లో ప్రజల కిచ్చిన పాసుపోర్టుల అట్టలో లోహపుతెరను చేర్చి, చిప్పునకు తాళము బిగించిరి. పౌరులు నోరు విప్పుటవలన కలిగిన మేలిది.

ఆ తాళపు మర్మము తెలిసికొనదగినది. పాసుపోర్టు సంఖ్య, పుట్టినతేది, గడువుతేది—ఈ మూడింటినుండియే తాళపుచెవి తయారగును. ఇవి పుట అడుగున రెండు పంక్తులలో అచ్చయియున్నవి. అధికారి ఆ పుటను తెరచి యంత్రమునకు చూపినగాని చిప్పు పలుకదు. జేబుమీదినుండి చదువజూచు దొంగకు ఆ మూడును తెలియవు. కాని బసచేసిన ప్రతి లాడ్జిలోను, కనబడిన ప్రతి ఏజెంటు చేతిలోను మనము ఆ పుట నకలు పెట్టుచున్నాము. దొంగ యెరుగవలసిన దానిని మనమే తెలుపుచున్నామన్నమాట!

బజారులో దొరకు లోహపుతొడుగు నిరుపయోగము కాదు. పాసుపోర్టు అందులో ఉన్నంతవరకు క్షేత్రము చిప్పును చేరదు. కాని లాడ్జివాని బీరువాలోని నకలును ఏ తొడుగు కాపాడగలదు?

కార్యాలయముల తలుపులు తెరచు కార్డుల స్థితి ఇంతకంటె హీనము. వానిలో పాతరకములు అడిగిన యంత్రమునకెల్ల తమ సంఖ్యను చెప్పివేయును. ఆ సంఖ్య చిక్కినవాడు మారుకార్డును చేసికొనగలడు. 2008లో నెదర్లాండ్సు పరిశోధకులు మైఫేర్ క్లాసిక్ అను ప్రసిద్ధమైన కార్డు రహస్యలిపిని ఛేదించిరి. వారి వ్యాసము వెలువడకుండ ఆపవలెనని తయారీదారు న్యాయస్థానము నాశ్రయించెను, న్యాయస్థానము అంగీకరింపలేదు. లోపమును దాచినంతమాత్రమున తాళము గట్టిపడదు.

పౌరులు అవసరము లేనిచోట నకలు ఈయరాదు. ఇచ్చినచో ఏ పనికిచ్చినదియు దానిపై వ్రాయవలెను. యజమానులు పాతకార్డులను మార్పింపవలెను. ప్రభుత్వమువారు చిప్పులో ఏమున్నదో, దానిని ఎవరు చదువవచ్చునో తేటతెలుగున ప్రకటింపవలెను. మన పేరు మన అనుమతి లేక ఎవ్వరును చదువరాదనుట విలాసము కాదు. అది పౌరుని హక్కు. అడుగనిదే అది దక్కదు.